ఆస్తి ఆమె పేరున ఉంది, సంతకానికి గడువు ఉంది: ఒక దీర్ఘకాలిక సంరక్షణ కేసు

కుటుంబం, వారి ప్రశ్న

ఈ కేసులోని భార్యాభర్తలు 2023 మధ్యలో ఆర్థిక ప్రణాళిక సలహా కోసం నా దగ్గరికి వచ్చేసరికి ఆయన వయసు 74, ఆమె వయసు 70. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. డీఆర్‌తో (ధరల పెరుగుదలకు ఇచ్చే కరువు భత్యంతో) కలిపి నెలకు సుమారు 62,000 రూపాయల పెన్షన్ వస్తోంది. ఆమెకు ఆల్జీమర్స్ వ్యాధి తొలి దశలో ఉందని అంతకు కొన్ని వారాల ముందే న్యూరాలజిస్టు నిర్ధారించారు. కూతురు అదే నగరంలో ఉద్యోగం చేస్తోంది. కొడుకు విదేశంలో స్థిరపడ్డాడు. కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను గానీ, లెక్కల తీరు మార్చలేదు.

వాళ్ళు తెచ్చిన ప్రశ్న ఒక్కటే: ఉన్న డబ్బు ఆవిడ జబ్బుకు చివరిదాకా సరిపోతుందా? దానికి జవాబు మొదటి సమావేశంలోనే స్థూలంగా తెలిసింది. సరిపోతుంది. అయితే ఆస్తుల కాగితాలన్నీ బల్లమీద పరిచి చూస్తే, వాళ్ళు అడగని మరో ప్రశ్న ముందుకొచ్చింది. పుట్టింటి భూమి అమ్మగా వచ్చిన 85 లక్షలు ఆమె ఒక్కరి పేరునే ఎఫ్‌డీలలో ఉన్నాయి. ఉంటున్న ఇల్లు కూడా ఆమె పేరునే ఉంది. భర్త పేరున ఉన్నదల్లా సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 15 లక్షలు, పెన్షన్ ఖాతా. అంటే ఎవరి సంరక్షణకు డబ్బు కావాలో ఆ డబ్బు ఆమె పేరునే ఉంది, దాన్ని బయటికి తీసే అధికారమూ ఆమె ఒక్కరికే ఉంది, ఆ అధికారాన్ని ఉపయోగించే శక్తి మాత్రం జబ్బుతో పాటు తగ్గుతూ పోతుంది. ఈ కేసులో మేము చేసిన పని చాలావరకు ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది.

జబ్బుకు, ఖర్చుకు ఉన్న సంబంధం

డిమెన్షియా (ఆల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) ఇంట్లోకి వచ్చిందని తెలియగానే చాలా కుటుంబాలు ఆసుపత్రి ఖర్చు గురించి ఆలోచిస్తాయి. నిజానికి ఈ జబ్బులో మందులకు, పరీక్షలకు అయ్యే ఖర్చు మొత్తం ఖర్చులో చిన్న భాగం. పెద్ద భాగమంతా పక్కన మనిషి ఉండడానికి అయ్యేదే. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలపై అదుపు, తినడం అనే ఆరు రోజువారీ పనులను కొలమానంగా తీసుకుని మనిషి స్వతంత్రతను అంచనా వేసే పద్ధతి 1963 నుంచి వైద్యంలో వాడుకలో ఉంది. సాధారణంగా వీటన్నిటికంటే చాలా ముందే దెబ్బతినేది డబ్బు వ్యవహారాలు చూసుకునే శక్తి. అందుకే మనిషి చక్కగా మాట్లాడుతూ, తన స్నానం తానే చేస్తూ, అందరినీ గుర్తుపడుతూ ఉన్న రోజుల్లోనే చెక్కు రాయడం తడబడుతుంది. ఇంట్లోవాళ్ళు ‘ఇంకా బాగానే ఉంది కదా’ అనుకునే ఆ కాలమే ఆర్థిక ప్రణాళికకు మిగిలిన కాలం.

ఎంతకాలమన్నది ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. నిర్ధారణ తర్వాత సగటున నాలుగు నుంచి ఎనిమిదేళ్ళు అంటారు, ఇరవై ఏళ్ళు జీవించినవాళ్ళూ ఉన్నారు. మేము పదేళ్ళు లెక్కలోకి తీసుకున్నాం. మొదటి మూడేళ్ళు పగటిపూట కొన్ని గంటలు తోడుగా ఉండే మనిషికి నెలకు 12,000. తర్వాతి మూడేళ్ళు పన్నెండు గంటల అటెండెంటు, అదనపు మందులు కలిపి 31,000. చివరి నాలుగేళ్ళు పగలు ఒకరు, రాత్రి ఒకరు, డైపర్లు, ఎయిర్ బెడ్, ఫిజియోథెరపీ అన్నీ కలిపి 72,000. ఇవి ఆ నగరంలో అప్పట్లో ఏజెన్సీలు చెప్పిన ధరలను బట్టి వేసుకున్న అంకెలు. అప్పటి రూపాయల్లో ఇదంతా కలిపితే సుమారు 50 లక్షలు. అటెండెంట్ల జీతాలు ఏటా 8 శాతం పెరిగి, మన డబ్బు పన్ను పోను 6 శాతమే సంపాదిస్తే, ఈ రోజు పక్కన పెట్టవలసిన మొత్తం 57 లక్షలకు చేరుతుంది. కుటుంబానికి ఈ మొత్తం కంటే మరో అంకె ఎక్కువ పట్టింది. ఇవాళ 72,000 అయ్యే సేవకు ఎనిమిదేళ్ళ తర్వాత నెలకు సుమారు 1,33,000 అవుతుంది. ఇంత పెద్ద మొత్తం ప్రతి నెలా ఎవరో ఒకరు సంతకం పెట్టి తీయగలిగి ఉండాలి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని కొడుకు ఫోన్లో అడిగాడు. తండ్రికి ఉద్యోగం తరఫున సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఉండే వైద్య పథకం) కార్డు ఉంది, దానిపైన పది లక్షల ప్రైవేటు హెల్త్ పాలసీ కూడా ఉంది. పాలసీ కాగితం తెప్పించి మినహాయింపుల పేజీ అతనితో కలిసి చదివాను. దేశంలోని హెల్త్ పాలసీలలో ప్రామాణిక మినహాయింపులకు కోడ్ నంబర్లు ఉంటాయి. వాటిలో ఐదో నంబరు, స్నానం చేయించడం, బట్టలు వేయడం, నడిపించడం వంటి వ్యక్తిగత సంరక్షణను ఇంట్లో చేసినా, నర్సింగ్ హోమ్‌లో చేసినా, నర్సు చేసినా, శిక్షణ లేని మనిషి చేసినా చెల్లించబోమని స్పష్టంగా చెబుతుంది. 2024 ఏప్రిల్ నుంచి హెల్త్ పాలసీ కొనడానికి వయసు పరిమితి తొలగించారు. అదే ఏడాది అక్టోబరులో 70 ఏళ్ళు నిండినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు వైద్యం వర్తింపజేశారు, కాకపోతే సీజీహెచ్‌ఎస్ ఉన్నవాళ్ళు రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. ఇవి మంచి మార్పులే. అయితే రెండూ ఆసుపత్రి వైద్యానికి సంబంధించినవి, ఇంట్లో మనిషిని పెట్టుకునే ఖర్చును తాకవు. జర్మనీలో 1995 నుంచి, జపాన్‌లో 2000 నుంచి ప్రజలు తప్పనిసరిగా చందా కట్టే సంరక్షణ బీమా ఉంది. మనకు అలాంటిది లేదు కాబట్టి, ఈ ఖర్చు మొత్తం కుటుంబానిదేనని మొదటే ఒప్పుకుని లెక్క మొదలుపెట్టడం మంచిది.

భర్త ముందు పోతే?

ఈ ప్రశ్న వేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. నాకూ ఇష్టం ఉండదు. అయినా ప్రతి కేసులోనూ అడుగుతాను. ఆయనకు వచ్చే కేంద్ర ప్రభుత్వ పెన్షన్ చివరి మూల వేతనంలో 50 శాతం. పెన్షనర్ ఈ వయసులో చనిపోతే భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. అంటే 62,000 వచ్చేచోట సుమారు 37,200 వస్తుంది. వాళ్ళ ఇంటి ఖర్చు నెలకు 38,000. ఆయన ఉన్నప్పుడు పెన్షన్‌లో నెలకు 24,000 మిగులుతోంది. ఆయన లేకపోతే ఇంటి ఖర్చు 28,000కు తగ్గినా మిగిలేది 9,000 మాత్రమే. పెన్షన్ మిగులుతోనే చాలావరకు గడిచిపోతుందని ఆయన అంతకాలం ధీమాగా ఉన్నారు. ఆయన ఉన్నంతవరకూ ఆ ధీమా సరైనదే.

దీనితో పాటు, ఆయన కూడా 74 ఏళ్ళ మనిషి. సంరక్షణ ఇచ్చేవాడిగానే అందరూ ఆయన్ను లెక్కించారు, సంరక్షణ అవసరమయ్యేవాడిగా ఎవరూ చూడలేదు. ఆమె కోసం ఎంత దాచినా, ఆయన పడిపోయిన రోజున ఆ డబ్బు ఇద్దరికీ పంచవలసి వస్తుంది. అందువల్ల ఆయన పేరున ఉండే స్కీమ్ డబ్బును ఆమె సంరక్షణ లెక్కలో కలపకుండా, ఆయన అవసరానికే వేరుగా ఉంచాలని పట్టుబట్టాను. ఆయన అభ్యంతరం చెప్పారు. కూతురు తండ్రి మాట వినలేదు, నా పక్షాన నిలబడింది.

సంతకం సమస్య

కొడుకు అప్పటికే ఒక పరిష్కారం ఆలోచించాడు. తల్లి చేత తండ్రి పేరున జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ, అంటే ఆమె తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) రాయించాలని డాక్యుమెంట్ రైటర్ దగ్గర చిత్తుప్రతి కూడా తయారు చేయించాడు. చాలా కుటుంబాలు చేసే పని ఇదే. సరిగ్గా అవసరమైన రోజున ఇది చేతికి రాకుండా పోతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగిసిపోతుంది. జీపీఏ అన్నది, దాన్ని ఇచ్చిన మనిషి తన వ్యవహారం తాను చూసుకోగలిగినంతవరకే చెల్లుతుంది. మనిషి ఆ శక్తి కోల్పోయిన తర్వాత కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీని కొన్ని దేశాల చట్టాలు అనుమతిస్తాయి, మన చట్టంలో ఆ వీలు లేదు.

నామినీగా కూతురి పేరు ఉంది కదా అని తండ్రి అన్నారు. నామినీ హక్కు ఖాతాదారు మరణం తర్వాతే పనిచేస్తుంది. మనిషి బతికి ఉండి సంతకం పెట్టలేని స్థితిలో దానివల్ల ఉపయోగం లేదు. చెయ్యి వణికి సంతకం కుదరనివాళ్ళకు బ్యాంకులు సాక్షుల ముందు వేలిముద్ర తీసుకుంటాయి. అది శరీరం సహకరించనివాళ్ళకు చేసిన ఏర్పాటు. ఏ కాగితం మీద ముద్ర వేస్తున్నామో తెలియనివాళ్ళకు అది వర్తించదు.

ఏ ఏర్పాటూ లేకుండా మనిషి ఆ స్థితికి చేరితే మిగిలే దారి హైకోర్టు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి నిర్వహణకు జిల్లా కోర్టు ద్వారా ఒకరిని నియమించే పద్ధతి ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో వైద్య నిర్ణయాల కోసం ప్రతినిధిని ఎంచుకునే వీలు ఉంది గానీ, ఆస్తి విషయంలో ఆ పాత పద్ధతి లేదు. అందువల్ల డిమెన్షియా రోగుల కుటుంబాలు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్ళి సంరక్షకుడిగా నియమింపజేసుకోవలసి వస్తోంది. కోర్టులు సానుభూతితోనే చూస్తున్నాయి. అయినా వైద్య నివేదికలు, విచారణ, ఏటా లెక్కలు అప్పగించడం అన్నీ ఉంటాయి. అటెండెంటు జీతం నెలాఖరుకు ఇవ్వాలి, కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా ఆ జీతం ఆపలేం.

ఆమెతో విడిగా మాట్లాడిన రోజు

ఇంతవరకు జరిగిన చర్చలన్నిటిలో ఆమె గదిలోనే ఉన్నారు. ఆమె తరఫున మిగతావాళ్ళు మాట్లాడుతున్నారు. ఆస్తి ఆమెది, జబ్బు ఆమెది, నిర్ణయం కూడా ఆమెదే కావాలి. ఈ వృత్తిలో నేను ఎన్నడూ సడలించని నియమం ఒకటుంది: జబ్బుపడిన మనిషితో భర్త, పిల్లలు లేకుండా ఒకసారైనా మాట్లాడాలి. చట్టపరంగా చూసినా దీనికి విలువ ఉంది. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను ప్రకారం, సంతకం పెట్టే సమయంలో ఆ వ్యవహారాన్ని అర్థం చేసుకుని తన మేలుకీడులపై సబబైన నిర్ణయం తీసుకోగలిగితే చాలు. జబ్బు పేరు ఒక్కటే ఆమె హక్కును రద్దు చేయదు.

ఆమెకు ఉదయం పూట తెలివి స్పష్టంగా ఉంటుందని భర్త చెప్పడంతో ఉదయమే కలిశాను. తన ఎఫ్‌డీలు ఏ బ్యాంకుల్లో ఉన్నాయో చెప్పారు, ఒక బ్యాంకు పేరు మాత్రం గుర్తు రాలేదు. ఇంటి గురించి అడిగాను. పిల్లలిద్దరికీ ఇంటి మీద వేర్వేరు ఆలోచనలు ఉన్నాయని ఆమెకు తెలుసు. కొడుకు దాన్ని అమ్మి తల్లిదండ్రులను మంచి వృద్ధాశ్రమంలో చేర్చాలంటున్నాడు. కూతురు తన ఉద్యోగం మానేసి అమ్మను చూసుకుంటానని, ఇల్లు తన పేరున గిఫ్ట్ డీడ్ చేయమని అడుగుతోంది. ఆమె ఇద్దరినీ తప్పుపట్టలేదు. చివరికి ఇలా అన్నారు: “ఇది నా ఇల్లు అని నాకు తెలిసినన్నాళ్ళూ నన్ను ఇక్కడే ఉంచండి. అది కూడా మరచిపోయాక అమ్ముకుంటారో, ఏం చేసుకుంటారో మీ ఇష్టం. ఆ డబ్బు ముందు ఆయనకు వాడండి.”

ఇంతకంటే స్పష్టమైన సూచన న్యాయవాది కూడా రాసి ఇవ్వలేడు. అయితే దాన్ని అమలు చేయడంలో ఒక కష్టం ఉంది. ఆమె చెప్పిన సమయానికి, అంటే ఇల్లు అమ్మవచ్చని ఆమె అనుమతించిన సమయానికి, అమ్మకం దస్తావేజు మీద సంతకం పెట్టే అర్హత ఆమెకు ఉండదు. ఆమె కోరిక నెరవేరాలంటే అమ్మే అధికారం ఇప్పుడే మరొకరి చేతికి, షరతులతో సహా, వెళ్ళాలి.

పరిశీలించి పక్కన పెట్టినవి

కూతురు అడిగిన గిఫ్ట్ డీడ్ విషయంలో నేను గట్టిగా వద్దన్నాను. ఆమె నిజాయితీ మీద నాకు ఏ అనుమానమూ లేదు. తల్లి సంరక్షణ ఇంకా ముందుంది, దానికి ఆధారమైన ఆస్తి ఇప్పుడే చేతులు మారకూడదన్నదే నా అభిప్రాయం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకుంటారన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని ఆ షరతు తప్పినప్పుడు రద్దు చేయవచ్చు. అలాంటి షరతు ఉందని రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. చట్టం ఉద్దేశాన్ని బట్టి ఉదారంగా చూడాలని 2025 జనవరిలో మరో కేసులో చెప్పింది. దస్తావేజులో షరతు స్పష్టంగా రాయకుండా ఇల్లు రాసివ్వడం ఎవరికీ క్షేమం కాదు. షరతు రాసినా, దాన్ని అమలు చేయించడానికి ట్రిబ్యునల్‌కు వెళ్ళవలసింది ఆ వృద్ధులే. ఆ చట్టం కింద ట్రిబ్యునల్ ఇప్పించగల పోషణ భత్యానికి కూడా నెలకు 10,000 పరిమితి ఉంది. రాత్రి అటెండెంటు జీతానికి కూడా అది చాలదు.

ఉద్యోగం మానేస్తానన్న మాట మీద కూడా ఎక్కువసేపు చర్చించాం. కూతురికి 46 ఏళ్ళు, జీతం నెలకు 70,000. మొదటి ఆరేళ్ళూ ఆ జీతంలో సగంకంటే తక్కువకే శిక్షణ ఉన్న మనిషి దొరుకుతుంది. ఉద్యోగం మానేస్తే జీతంతో పాటు ప్రావిడెంట్ ఫండ్, తన సొంత వృద్ధాప్యానికి దాచుకునే అవకాశం కూడా పోతాయి. తల్లి సంరక్షణ ముగిసేసరికి ఆమె తిరిగి ఉద్యోగంలో చేరగలిగే వయసు దాటిపోతుంది. ఇలా ఒక తరం సంరక్షణ ఖర్చు కూతుళ్ళ, కోడళ్ళ భవిష్యత్తులోంచి నిశ్శబ్దంగా చెల్లింపు కావడం నేను చాలా కుటుంబాల్లో చూశాను, అది ఎవరి లెక్కలోనూ కనబడదు. ఆమె సమయానికి విలువ కట్టాలనుకుంటే పర్యవేక్షణ బాధ్యతకు నెలకు ఇంత అని రాసుకుని ఇవ్వవచ్చు. విదేశంలో ఉన్న తమ్ముడు తన వంతు డబ్బు పంపవచ్చు. దగ్గరి బంధువులు బహుమతిగా ఇచ్చే సొమ్ము మీద పుచ్చుకున్నవారికి పన్ను కూడా లేదు.

రివర్స్ మార్ట్‌గేజ్‌ను ఇష్టంగానే పరిశీలించాను. 60 దాటినవాళ్ళు సొంత ఇంట్లో ఉంటూనే ఆ ఇంటి మీద బ్యాంకు నుంచి క్రమంగా డబ్బు తీసుకునే ఈ పద్ధతికి నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2007లో మార్గదర్శకాలు ఇచ్చింది. బతికి ఉన్నంతకాలం తిరిగి కట్టనక్కర్లేదు. తర్వాత వారసులు అప్పు తీర్చి ఇల్లు నిలుపుకోవచ్చు. వచ్చే సొమ్ముకు ఆదాయపు పన్ను లేదు. చాలా కుటుంబాలకు ఇది నప్పుతుంది. ఈ కేసులో రెండు అడ్డంకులు వచ్చాయి. అప్పు తీసుకునే ఒప్పందం నడిచే పదేళ్ళూ ఆమె తరఫున ఎవరు వ్యవహరిస్తారన్నది మళ్ళీ సంతకం సమస్యే. రెండోది, ఇంట్లో వరుసగా ఏడాది పాటు ఉండకపోతే అప్పు వెంటనే చెల్లించవలసిన పరిస్థితి రావచ్చు. డిమెన్షియా చివరి దశలో సంరక్షణ కేంద్రానికి మారవలసి రావడం అరుదైన విషయం కాదు. డబ్బు అత్యవసరమైన సమయంలోనే ఇల్లు అమ్మి అప్పు కట్టవలసి వస్తే ఆ ఏర్పాటు భారమే అవుతుంది.

చేసిన ఏర్పాటు

న్యాయవాదితో కలిసి చివరికి ఎంచుకున్నది 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ఒక ప్రైవేటు ట్రస్టు, అంటే ఒకరి మేలు కోసం ఆస్తిని ట్రస్టీలు అనే ఇతరుల చేతిలో పెట్టే ఏర్పాటు. ఆమే దాన్ని ఏర్పాటు చేసిన వ్యక్తి, ఆమే జీవితకాల లబ్ధిదారు. భర్త, కూతురు ట్రస్టీలు. భర్త తర్వాత ఆ స్థానంలోకి వచ్చే వ్యక్తిగా ఆమె చెల్లెలి కొడుకును పేర్కొన్నారు. 85 లక్షలలో 50 లక్షలు, ఇల్లు ట్రస్టుకు బదిలీ అయ్యాయి. స్థిరాస్తి ఉంది కాబట్టి దస్తావేజు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ముందే లెక్క కట్టించుకుని ప్రణాళికలో చేర్చాం. ట్రస్టు ఎందుకంటే, ట్రస్టీలకు వచ్చే అధికారం ఆమె జ్ఞాపకశక్తి మీద ఆధారపడదు. ఆమె స్థితి ఎలా మారినా వాళ్ళు డబ్బు తీయగలరు, అవసరమైతే ఇల్లు అమ్మగలరు.

దస్తావేజులో కొన్ని మాటలు నేను పట్టుబట్టి రాయించాను. ఆమెకు వివేకం ఉన్నంతవరకు ట్రస్టును రద్దు చేసే హక్కు ఆమెకే ఉంటుంది. దీనివల్ల ఆదాయం ఆమె పేరునే పన్ను లెక్కలోకి వస్తుంది, దానివల్ల ఈ కుటుంబానికి నష్టం లేదు. ఇల్లు అమ్మడానికి ఆమె చెప్పిన షరతును, చికిత్స చేస్తున్న డాక్టరు రాతపూర్వక అభిప్రాయంతో ముడిపెట్టి ఆమె మాటల్లోనే చేర్చాం. ఆమె తర్వాత మిగిలిన ఆస్తి భర్త సంరక్షణకు, ఆ తర్వాతే పిల్లలకు సమానంగా చెందుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం మరొకటి: వారసులకు మిగల్చడం కోసం ట్రస్టీలు సంరక్షణ ఖర్చు తగ్గించకూడదు. కూతురు ట్రస్టీ, మిగిలిన ఆస్తిలో వాటాదారు కూడా. ఈ రెండు పాత్రల మధ్య ఒత్తిడి ఎంత మంచి మనిషికైనా వస్తుంది. కాబట్టి ఏటా లెక్కలు తమ్ముడికి పంపాలని కూడా రాశాం. పెట్టుబడి ఎక్కడ పెట్టవచ్చో దస్తావేజులో చెప్పకపోతే ట్రస్టీలు చట్టంలోని పరిమిత జాబితాకు కట్టుబడాల్సి వస్తుంది కాబట్టి దాన్నీ వివరంగా రాశాం. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక బ్యాంకులో ఒక డిపాజిటరుకు 5 లక్షల వరకే వర్తిస్తుంది కాబట్టి డబ్బును ఒకే బ్యాంకులో కుప్ప పోయకుండా, పెద్ద బ్యాంకులలో వేర్వేరు గడువులతో ఉంచాం.

మిగిలిన 35 లక్షలలో 15 లక్షలు ఆమె భర్తకు బహుమతిగా ఇచ్చారు. దానితో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఆయన డిపాజిట్ 30 లక్షలకు చేరింది. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరికి గరిష్ఠ పరిమితి అదే. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. బహుమతి సొమ్ము మీద వడ్డీ భార్య ఆదాయంలో కలిపి పన్ను లెక్కిస్తారు. ఆ సంగతి తెలిసే చేశాం. ఆమె పేరున ఈ స్కీమ్‌లో వేయకపోవడానికి కారణం ఐదేళ్ళ గడువు. ముగిసే రోజున మళ్ళీ ఆమె సంతకం కావాల్సి వచ్చేది.

చివరి 20 లక్షలు ఇద్దరి పేరున ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు లేకపోతే మిగిలినవారు తీసుకోగల) పద్ధతిలో ఉంచాం. ఇందులో చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. ఇలాంటి ఎఫ్‌డీని గడువు ముగిశాక ఎవరో ఒకరి సంతకంతో తీసుకోవచ్చు, గడువుకు ముందే తీయాలంటే మాత్రం బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడగవచ్చు. అందుకని ఒకే పెద్ద ఎఫ్‌డీ కాకుండా, ఆరు నెలలకోసారి ఒకటి చేతికొచ్చేలా విడగొట్టాం. ఒక ఖాతాదారుకు మతిస్థిమితం లేదని తెలిశాక ఉమ్మడి ఖాతా మీద కూడా బ్యాంకు ఆంక్షలు పెట్టే అవకాశం ఉంది కాబట్టి, ఈ పద్ధతిలో పెద్ద మొత్తం ఉంచలేదు.

సంతకాల రోజు ఉదయం సైకియాట్రిస్టు ఆమెను పరీక్షించి, తన ఆస్తి ఏమిటో, సహజ వారసులు ఎవరో, ఈ కాగితం వల్ల ఏం జరుగుతుందో ఆమెకు తెలుసునని సర్టిఫికెట్ ఇచ్చారు. మిగతా చరాస్తికి, నగలకు వీలునామా రాసి ఇద్దరు సాక్షులతో రిజిస్టర్ చేయించారు. జీవితపు చివరి దశలో చేసే వైద్యం గురించిన ముందస్తు సూచన కూడా రాశారు. సుప్రీంకోర్టు 2018లో గుర్తించిన ఈ పత్రాన్ని 2023 జనవరిలో సులభతరం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలని చెప్పింది.

రెండున్నరేళ్ళ తర్వాత

2025 చివర్లో చేసిన సమీక్షలో మా అంచనాల క్రమం తప్పిందని తేలింది. పగటి అటెండెంటు ముందు, రాత్రి మనిషి తర్వాత అవసరమవుతారని లెక్కవేశాం. ఆమె రాత్రుళ్ళు లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోవడం మొదలుపెట్టడంతో రాత్రి మనిషే ముందు అవసరమయ్యారు. అదే ఏడాది ఆయన బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ ఖర్చు సీజీహెచ్‌ఎస్ భరించింది. తర్వాత ఇంట్లో మూడు నెలల పాటు ఆయన్ను లేపి కూర్చోబెట్టే మనిషి ఖర్చును ఆయన కోసం వేరుగా ఉంచిన డబ్బే భరించింది. ఆ నెలల్లో ఇద్దరికీ కలిపి సంరక్షణకు 80,000కు పైగా అయింది. అప్పటికి ఆమె చెక్కు మీద తన పేరు పూర్తిగా రాయలేని స్థితికి వచ్చారు. ట్రస్టు ఖాతా నుంచి కూతురి సంతకంతో ప్రతి నెలా జీతాలు వెళ్ళాయి. కూతురు ఉద్యోగంలోనే ఉంది.

ఇబ్బందులు లేకపోలేదు. ట్రస్టు పేరున ఎఫ్‌డీ తిరిగి వేయడానికి ఒక బ్యాంకు శాఖ పదేపదే కాగితాలు అడిగింది. ట్రస్టు పాన్, దస్తావేజు నకలు, ట్రస్టీల తీర్మానం ఒక ఫైలులో సిద్ధంగా ఉంచడం మొదలుపెట్టాక అది తగ్గింది. లెక్కల గురించి తమ్ముడు అడిగిన కొన్ని ప్రశ్నలకు అక్క మొదట నొచ్చుకుంది. నెలవారీ ఖర్చుల పట్టికను ముగ్గురూ చూసేలా పెట్టుకున్న తర్వాత ఆ మాటలు ఆగిపోయాయి.

ప్రస్తుతం ముందున్న పని రెండు విషయాలు. తుంటి విరిగిన తర్వాత ఆయన ట్రస్టీ బాధ్యత మోయడం కష్టమవుతోంది కాబట్టి, చెల్లెలి కొడుకును ఇప్పుడే ట్రస్టీగా చేర్చుకునే విషయం న్యాయవాది పరిశీలిస్తున్నారు. అలాగే రాత్రి మనిషి ముందుగానే అవసరమైనందున మధ్య దశ అంచనాను 31,000 నుంచి 45,000కు మార్చాం. ట్రస్టులో ఉన్న డబ్బు, పెన్షన్ మిగులు కలిపి చూస్తే ఇల్లు అమ్మవలసిన అవసరం ఇప్పటికి కనబడడం లేదు. ఆమె ఇంకా ఆ ఇంటిని తన ఇల్లుగానే గుర్తిస్తున్నారని డాక్టరు తాజా నివేదికలో రాశారు.